వేపపుల్ల, పద్నాలుగు నంబర్ పానా

పోయిన నెల మామ సంవత్సరీకానికి తిరుపతి పోయాను. బంధువులంతా భోంచేసి ఆకులెత్తేశాక అత్త నన్ను లోపలికి పిలిచి, మంచం కింద ఉన్న ఇనప పెట్టె చూపించింది.

“అబ్బోడా, దీంట్లో ఏముండాదో నువ్వే చూడు. పనికొచ్చేది పక్కన పెట్టు. మిగతాది పాతినుప సామాన్లోడికి ఏసేస్తా. ఇల్లు మారాల గదా,” అంది.

మూత ఎత్తేసరికి గుప్పున వాసన కొట్టింది. డీజిలు, గ్రీజు వాసన వస్తుందని ముందే తెలుసు. వాటితో పాటు మొహానికి రాసుకునే పౌడరు వాసన కూడా వచ్చింది. ఇదేంటా అనుకుని, గుడ్డ మూటలు చేతిలోకి తీసుకోగానే గుర్తొచ్చింది. రబ్బరు సీళ్ళు, డోరు బీడింగులు ఎండకి ఒకదానికొకటి అతుక్కుపోకుండా మామ వాటికి పౌడరు అద్ది, పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టేవాడు. పౌడరు డబ్బా అత్తది. నెలకో డబ్బా ఎట్లా అయిపోతా ఉందో మా అమ్మకి అర్థమయ్యేది కాదు.

పెట్టెలో పైన మూటలు, వాటి కింద నాజిళ్ళు, వాషర్లు పోసిన మందు సీసాలు, తగరపు డబ్బాలు. ఒక మూల నూనెగుడ్డలో చుట్టిన రెండు పద్నాలుగు నంబర్ పానాలు, మెడ వంచినవి. అన్నిటికన్నా అడుగున అట్ట ఊడిపోయిన నోటుబుక్కు. తెరిస్తే గుండ్రటి అక్షరాలు, వరసగా అంకెలు, పక్కన చుక్కలు, సున్నాలు, ఇంటూ గుర్తులు. ఒక పేజీలో “కువైటోళ్ళు, ఎనక ఎడమ, వేపపుల్ల” అని ఉంది. 

నేలమీదే కూర్చుండిపోయాను.

*

మామ షెడ్డు రేణిగుంట రోడ్డు మీద, కానుగ చెట్టు నీడలో ఉండేది. నాలుగు రేకులు, ఒక గుంట, గోడకి కొట్టిన మేకులకు వేలాడే బెల్టులు. బోర్డు లేదు. ఎవరినడిగినా “బెంజి మేస్త్రి షెడ్డా? ఆ చెట్టు కిందే పో,” అనేవాళ్ళు. ఆరో క్లాసు నుంచీ ప్రతి ఎండాకాలం సెలవులూ నాకు అక్కడే గడిచాయి. ఇంటరు అయ్యాక రెండేళ్ళు పూర్తిగా ఆ షెడ్డులోనే ఉన్నాను.

మామ పని నేర్చుకున్నది కార్ల దగ్గర కాదు, చిత్తూరులో ఒక లారీ షెడ్డులో. 1954లో టాటా వాళ్ళు జర్మనీ డైమ్లర్ బెంజి కంపెనీతో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అప్పటిదాకా ఆ లారీల ముందర మూడు మొనల నక్షత్రం ఉండేది. ఆ తర్వాత దాని చోట్లో ‘టి’ అక్షరం వచ్చింది. ఒప్పందం పోయినా లారీలు ఎక్కడికి పోతాయి? చిత్తూరు మండీ నుంచి బెల్లం, దామలచెరువు నుంచి మామిడికాయలు ఎత్తుకుని ఆ నక్షత్రం లారీలు ఇంకా చానా ఏళ్ళు తిరిగాయి. మామ గురువు ఒక లారీని చూపించి, “ఈ ఇంజను మాట్లాడతాది రా, ముందు దాని మాట ఇను, ఆ తర్వాత పానా ఎత్తు,” అన్నాడంట. ఈ మాట మామ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ గురువు పేరు తలుచుకుని చేతులు జోడించేవాడు.

జర్మనీ కార్లు తిరుపతిలో ఎన్ని ఉంటాయి? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక లాడ్జి ఓనరు దగ్గర నల్ల బెంజి, చిత్తూరులో ఒక డాక్టరు గారి బీటిలు, కువైట్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళు తెచ్చుకున్న రెండు మూడు బండ్లు, ఎప్పుడైనా మదనపల్లె వైపు నుంచి ఒకటి. కానీ ఒక్క బండి వచ్చిందంటే నెల రోజులు కదిలేది కాదు. పని వారమే, మిగతా మూడు వారాలు సామాను కోసం కాచుకోవడం.

*

లాడ్జి ఓనరు గారి నల్లబండి 240డి. 115 అని పిలిచే పాత మోడలు. అది డీజిలు బండి కదా, చల్లటి ఇంజను ఊరికే మండదు. ప్రతి సిలిండరుకీ ఒక హీటరు ప్లగ్గు ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద నాబ్ కొంచెం లాగి పట్టుకుంటే ప్లగ్గులు వేడెక్కుతాయి. ఇంకా లాగితే సెల్ఫ్ తిరుగుతుంది. ఎంతసేపు పట్టుకోవాలో చెప్పడానికి మామకి గడియారం అక్కర్లేదు.

“ముప్పై గోవిందలు చెప్పు రా,” అనేవాడు.

నేను సీట్లో కూర్చుని నాబ్ పట్టుకుని గోవిందా, గోవిందా అని ముప్పైసార్లు చెప్పి లాగేవాణ్ణి. చలికాలం అయితే నలభై. ఒక గుటక పొగ వదిలి, నాలుగు దెబ్బలు తడబడి, ఆ తర్వాత టకటకా నిలకడగా తిరిగేది. ఆ చప్పుడు వింటే కడుపు నిండినట్టుండేది.

ఆ బండిలో నాలుగు ప్లగ్గులూ ఒకదాని తర్వాత ఒకటి, ఒకే తీగ మీద. గంగమ్మ జాతరకి కట్టే సీరియలు లైట్ల మాదిరే. ఒక్కటి కాలిపోతే నాలుగూ చల్లబడిపోతాయి. మామ నన్ను నాబ్ పట్టుకోమని, తాను టెస్ట్ ల్యాంపు క్లిప్పు ఒకటి ఇంజను ఇనుముకి తగిలించి, మొనతో ప్లగ్గుల వెంట ఒక్కోచోట తాకుతూ పోయేవాడు. దీపం వెలుగుతూ వెలుగుతూ ఎక్కడ ఆగిపోతే, దానికి ముందరున్న ప్లగ్గే పోయినట్టు. విప్పితే మొనలో మెలితిరిగిన తీగ తెగిపోయి కనిపించేది. మంచి ప్లగ్గులో ఆ తీగ చెవిపోగు మాదిరి గుండ్రంగా ఉంటుంది.

కొత్త మోడలు 123లో, తర్వాత్తర్వాత పెన్సిలు మాదిరి సన్నటి ప్లగ్గులు వచ్చాయి. అవి విడివిడిగా వేడెక్కుతాయి, ఒకటి పోయినా మిగతావి పనిచేస్తాయి. నేను ఒకసారి పాత బండికి ఈ పెన్సిలు ప్లగ్గు తెచ్చాను. నాలుగు రోజులు తిరిగి తెచ్చినది అది. మామ తిట్టలేదు. రెండు ప్లగ్గులూ నా రెండు చేతుల్లో పెట్టి, “కండ్లు మూసుకుని తడిమి చూడు, ఇంకెప్పుడూ మర్చిపోవు,” అన్నాడు. ఆ రోజు నుంచి మర్చిపోలేదు.

*

ట్యాపెట్ల పని, అంటే వాల్వుల సందు సరిచెయ్యడం, ఇంజను బాగా చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. తిరుపతిలో మే నెలలో ఇంజను చల్లగా ఉండేది ఎప్పుడు? తెల్లవారుజామున ఐదింటికి. ఎక్కడో గుడి మైకులో సుప్రభాతం వినిపిస్తుండగా మామ వాల్వు కవరు విప్పేవాడు. నేను టార్చి పట్టుకునేవాణ్ణి. ఇన్‌లెట్ వాల్వుకి 0.10 మిల్లీమీటర్ల సందు, ఎగ్జాస్టుకి 0.30. వాల్వు తల దగ్గర ఒకదానిమీద ఒకటి రెండు నట్లుంటాయి. ఒకదాన్ని కదలకుండా పట్టుకుని ఇంకోదాన్ని తిప్పాలి. మామూలు పానా అక్కడ ఇరుకులో దూరదు. కంపెనీ వాళ్ళకి దానికని మెడ వంచిన పానాలు ప్రత్యేకంగా ఉంటాయి. అవి మనకెక్కడ దొరుకుతాయి? మామ రెండు పద్నాలుగు నంబర్ పానాలు కొని, కొర్లగుంటలో ఒక కొలిమి దగ్గర కూర్చుని, ఎర్రగా కాల్చి, తానే దగ్గరుండి వంపు తిప్పించాడు. ఒక పానా మొదటిసారి విరిగిపోయిందట. రెండోదానికి నిప్పు తగ్గించి మెల్లగా వంచారట.

ఇప్పుడు పెట్టెలో దొరికినవి అవే. వంపు దగ్గర ఇనుము కొంచెం నీలంగా, నెమలి మెడ రంగులో మారి ఉంది. పిడి మీద బొటనవేలు ఆనే చోట నునుపుగా అరిగిపోయింది. నా బొటనవేలు పెట్టి చూశాను. అరుగుదల నా వేలికి వెడల్పు ఎక్కువ. మామవి పెద్ద చేతులు.

సందు కొలిచే ఫీలర్ గేజి రేకు పెట్టి లాగినప్పుడు ఎంత బిగువు ఉండాలో నాకు తెలిసేది కాదు. “అత్త తమలపాకు మీద సున్నం రాస్తాది చూడు, ఆకు వేలిని పట్టుకున్నట్టుంటాది, కానీ ఆపదు. అట్ల,” అని చెప్పాడు. ఆ సాయంత్రం అత్త దగ్గర కూర్చుని పది ఆకులకి సున్నం రాశాను. అప్పుడు తెలిసింది.

*

మామ జీవితంలో పెద్ద రోజు అంటే నాకు గుర్తొచ్చేది అలిపిరిలో జరిగింది. నల్లబండికి పిస్టన్లు పోయాయి. నల్లటి పొగ, ఆయిలు తాగేస్తోంది. పిస్టన్ల కోసం మద్రాసు, బెంగుళూరు అంతా తిరిగాం. బెంగుళూరులో జేసీ రోడ్డులో రెండు రోజులు ఒక్కో అంగడీ ఎక్కి దిగాం. దొరకలేదు. దొరికినచోట చెప్పిన ధర వింటే నోట మాట రాలేదు.

ఒక రోజు ఎవరినో కొండకు పంపడానికి అలిపిరి దాకా పోయాం. అక్కడ కొండకు మనుషుల్ని ఎక్కించుకునే జీపులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒక కొత్త ట్రాక్స్ స్టార్టు చేశారు. మామ మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆగిపోయాడు. చెవి అటు తిప్పి నిలబడ్డాడు.

“ఇది మన నల్లబండి రా,” అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ డ్రైవరు దగ్గరికి పోయి, “అన్నా, బానెట్టు ఒక్కసారి ఎత్తుతావా?” అని బతిమాలాడు. ఎత్తాక చూస్తే అదే ఇంజను. అదే వాల్వు కవరు ఆకారం, పంపు అదే పక్క, ఫిల్టరు అదే చోట. బజాజ్ టెంపో వాళ్ళు బెంజి కంపెనీ నుంచి హక్కులు తీసుకుని పుణె దగ్గర చేస్తున్న ఓఎం 616 ఇంజను అది. 240డి బానెట్టు కింద ఉన్నదీ అదే 616. మామ ఆ వేడి ఇంజను మీద అరచెయ్యి పెట్టి అట్లే నిలబడ్డాడు. చెయ్యి కాలుతుందని కూడా గమనించలేదు. డ్రైవరు ఏమనుకున్నాడో, టీ తెప్పించి ఇచ్చాడు.

మర్నాడే ట్రాక్స్ పిస్టను సెట్టు తెచ్చాం. కానీ మామ వెంటనే వెయ్యలేదు. మైక్రోమీటరుతో కొలిచాడు. బోరు, అంటే పిస్టను ఆడే గొట్టం వెడల్పు, కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నల్లబండి 2404 సీసీ, దాని బోరు 91 మిల్లీమీటర్లు. ఆ తర్వాత కంపెనీ వాళ్ళు దాన్ని 2399 సీసీకి దించి బోరు 90.9 చేశారు. ట్రాక్స్‌లో ఉన్నది ఈ రెండోదే. తేడా మిల్లీమీటరులో పదో వంతు. కంటికి కనపడదు, చేతికి కూడా సరిగ్గా తెలియదు. అట్లే వేసుంటే పిస్టను బోరులో ఊగి నెల్లోపే పాడయ్యేది.

రెండు రోజులు మామ ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం వక్కపొడి నములుతూ, “అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు తెద్దాం. 90.9కి అర కలిపితే 91.4. మన బోరు అరిగి ఎట్లాగూ చెడిపోయే ఉండాది, దాన్ని 91.4కి తీయించేద్దాం,” అన్నాడు. పిన్ను మధ్య నుంచి పిస్టను తల దాకా ఎత్తు కూడా పాతదానితో కలిపి చూశాడు. సరిపోయింది. లేత్ అంగడిలో బోరింగ్ మిషను పక్కన పొద్దున నుంచి సాయంత్రం దాకా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ అంగడి ఆయన విసుక్కున్నాడు గానీ, మామ కదల్లేదు.

ఇంజను కట్టాక పరీక్ష ఒకటే. కొండ. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో పైకి ఎక్కాలి, పొగ రాకూడదు, టెంపరేచరు ముల్లు పైకి పోకూడదు. దిగేటప్పుడు మొదటి ఘాట్‌లో రెండో గేరులో, బ్రేకు మీద కాలు ఎక్కువ పెట్టకుండా ఇంజను మీదే దిగాలి. అలిపిరిలో కర్పూరం వెలిగించి ఎక్కాం. మామ దారంతా కిటికీ దించుకుని, చెవి బయటికి పెట్టి వింటూనే ఉన్నాడు. పైకి చేరాక బండి దిగి టైరుకి దండం పెట్టాడు. దర్శనానికి పోలేదు. “సామి ఎట్లైనా చూస్తానే ఉంటాడు, ముందు ఆయిలు చూడాల,” అని డిప్‌స్టిక్ బయటికి లాగాడు.

ఆ తర్వాత నుంచి ఇంజను సామానుకి మాకు దిగులు లేదు. రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, వాటర్ పంపు, ఏది తెచ్చినా ముందు ట్రాక్స్ అంగడికే పోయేవాళ్ళం. నాజిళ్ళు, పంపు సామాను బెంగుళూరు మైకో వాళ్ళవి దొరికేవి. 1951లో పెట్టిన ఆ కంపెనీ జర్మనీ బాష్ వాళ్ళదే. 2008లో దాని పేరే బాష్ అయింది గానీ, మామ చివరిదాకా మైకో అనే అన్నాడు. పంపు కాలిబ్రేషన్ చేసే గదిలోకి చెప్పులు విడిచి పోవాలి. ధూళి పడకూడదు. అద్దాల గొట్టాల్లోకి డీజిలు సమానంగా, ఒక్క చుక్క ఎక్కువ తక్కువ లేకుండా దిగుతుంటే మామ గర్భగుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

*

ఇంజను కాని సామాను కోసం మద్రాసు పోవాలి. పొద్దునే రైలు ఎక్కితే పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మధ్యాహ్నానికి ముందే చేరిపోవచ్చు. పుదుపేటలో పాత బండ్లు విప్పేసి సామాను అమ్మే సందులు ఉంటాయి. ఒక అంగడి అంతా తలుపులే, ఇంకో అంగడి అంతా స్టీరింగులే. మామ నాకు అరవంలో నాలుగు మాటలు నేర్పి, పాత సామాను గోనెసంచిలో కట్టి ఒంటరిగా పంపేవాడు. “పాతది చేతిలో లేకుండా కొత్తది అడగొద్దు. నోటితో చెప్తే నోటికొచ్చింది ఇస్తారు,” అనేవాడు.

ఒకసారి ప్రొపెల్లరు షాఫ్టు రబ్బరు కప్లింగు, విరిగిన స్టీరింగు రాడ్డు గుడ్డలో కట్టుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన, చెయ్యి విరిగి గుడ్డ ఊయల కట్టుకుని ఉన్నాడు. పుత్తూరు కట్టు కోసం పోతున్నాడు. నా మూట చూసి, “ఎవరిదబ్బయా, కాలా చెయ్యా?” అని అడిగాడు. కారుది అని చెబితే మూట విప్పి చూపించమన్నాడు. రాడ్డు విరిగిన చోట ఎడమచేత్తో తడిమి, “దీనికీ కట్టు కట్టేటోళ్ళు ఉండారా?” అన్నాడు. ఉన్నారు, మా మామ అని చెప్పాను. ఆ మాట చెప్పినప్పుడు నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఇప్పటికీ తెలుస్తోంది.

మద్రాసులో కూడా దొరకనివి కువైట్ నుంచి రావాలి. అక్కడ ఆ బండ్ల సామాను దండిగా దొరికేది. రాయచోటి వైపు నుంచి పోయేవాళ్ళకి చీటీ రాసి ఇచ్చేవాళ్ళం. బెంజి సామానుకి పేరు అక్కర్లేదు, నంబరు చాలు. ముందర ‘ఎ’ అక్షరం, ఆ తర్వాత పది అంకెలు. మొదటి మూడు అంకెలు చూస్తే అది ఏ బండిదో, ఏ ఇంజనుదో తెలిసిపోతుంది. 616 అంటే ఇంజను, 123 అంటే ఆ మోడలు బాడీ, 115 అంటే పాతది. కువైట్‌లో వంటపనికి పోయిన ఒకావిడ ఈ చీటీ అంగట్లో చూపించి, సామాను చీరల మధ్య పెట్టుకుని తెచ్చింది. ఆమెకి ఆ సామాను ఏమిటో తెలియదు. నంబరు ఒక్కటీ తప్పలేదు.

*

డాక్టరు గారి బీటిలు గురించి కొంచెం చెప్పాలి. దాని ఇంజను వెనక ఉంటుంది, నీళ్ళు ఉండవు, గాలితోనే చల్లబడాలి. ఆ ఇంజనుని గేరుబాక్సుకి పట్టుకుని ఉండేవి నాలుగే బోల్టులు. మామ, నేను, ఇంకో కుర్రాడు కలిసి కింద గోనెపట్టాలు పరిచి, జాకీ మీద మెల్లగా దించేసేవాళ్ళం. బెల్టు తెగితే డైనమోతో పాటు గాలి ఫ్యాను కూడా ఆగిపోతుంది. అందుకే డ్యాష్‌లో ఎర్రలైటు వెలగ్గానే బండి ఆపేయమని డాక్టరు గారికి మామ కనిపించినప్పుడల్లా చెప్పేవాడు. బెల్టు బిగించాలంటే పుల్లీ రెండు రేకుల మధ్య ఉన్న వాషర్లు తీసి బయటి పక్కన పెట్టాలి. మాకు పిల్లలకి మాత్రం అద్దం కడిగే నీళ్ళే ఆశ్చర్యం. స్టెప్నీ టైరులోని గాలి ఆ నీళ్ళని తోసేది. మోటారు లేదు, ఏమీ లేదు.

*

ఇక వేపపుల్ల. మొదట నాకే గుర్తు రాలేదు, ఇప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది.

ఒక మధ్యాహ్నం కువైట్ వాళ్ళ తెల్ల 123 షెడ్డులోకి వచ్చింది. ఓనరు తాళం చెవి చేతిలో పట్టుకుని దిగాడు. బండి మాత్రం తిరుగుతూనే ఉంది. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఇంట్లో ఆడవాళ్ళు బండికి దిష్టి తగిలిందని నిమ్మకాయలు తొక్కించారట.

మామ బానెట్టు ఎత్తి, పంపు పక్కన స్టాప్ అని రాసి ఉన్న మీట నొక్కాడు. ఇంజను ఆగిపోయింది. ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ బండిలో తాళం తిప్పితే కరెంటు ఆగడం కాదు, వాక్యూమ్, అంటే గొట్టాల్లో గాలి లాగే బలం, డీజిలు పంపు దాకా పోయి దాన్ని ఆపుతుంది. అదే వాక్యూమ్ తలుపుల తాళాలకి కూడా పోతుంది. ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న రబ్బరు ఎక్కడో పగిలితే వాక్యూమ్ కారిపోతుంది, ఇంజను ఆగదు. ఎక్కడ పగిలిందో కనుక్కోవాలి. మామ ఒక్కో గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకుంటూ, నన్ను తాళం తిప్పమన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా. చివరికి తాళాల వైపు పోయే గొట్టం నొక్కితే ఇంజను ఠక్కున ఆగింది. అక్కడి నుంచి ఒక్కో తలుపూ చూసుకుంటూ పోతే, వెనక ఎడమ తలుపు లోపల ఉన్న రబ్బరు పొర చీలి ఉంది.

ఆ పొర ఇక్కడ దొరకదు. మామ షెడ్డు వెనక వేపచెట్టు నుంచి చిన్న పుల్ల విరిచి, బెరడు తీసి, బ్లేడుతో చెక్కి, నోట్లో పెట్టుకుని తడిపి, ఆ తలుపుకి పోయే గొట్టంలో బిగించాడు. ఆ ఒక్క తలుపు తాళం చేత్తో వేసుకోవాలి, అంతే. బండి తాళానికి ఆగింది. మూడు నెలల తర్వాత కువైట్ నుంచి పొర వచ్చింది. పుల్ల తీస్తే గట్టిపడి నల్లగా అయింది. ఓనరు దాన్ని జేబులో వేసుకుని పోయాడు.

*

నోటుబుక్కు చేత పట్టుకుని వంటింట్లోకి పోయాను. అత్త తోమిన గిన్నెలు బోర్లిస్తోంది.

“మామ రాత ఎంత గుండ్రంగా ఉందో చూడు అత్తా,” అన్నాను.

“ఆయనెక్కడ రాసినాడు?” అంది అత్త. “అంకెలు తప్ప ఆయనకి చదవను రాదు గదా. రేత్రి తినేసినాక ఆయన చెప్తా ఉంటే నేను రాసేదాన్ని.”

చేతిలో పుస్తకం అట్లే ఉండిపోయింది. షెడ్డులో మామ ఎప్పుడూ ఈ పుస్తకం నా ముందర తెరిచి, పేజీ మీద వేలు పెట్టి, “చదువు రా, నా చేతికి గ్రీజుండాది,” అనేవాడు. ఆ గ్రీజు మాట నేను అన్నేళ్ళూ నమ్మాను. గ్రీజు నిజంగానే ఉండేది కూడా.

అత్త చెయ్యి తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. సున్నాలో చుక్క ఉంటే ట్రాక్స్‌ది సరిపోతుందని అర్థం. ఇంటూ ఉంటే పుదుపేట. రెండు గీతలుంటే కువైట్ వాళ్ళకి చీటీ. ఒక్క చుక్క మాత్రమే ఉంటే, లేత్‌లో చేయించుకోవచ్చు. షెడ్డు గడప ఆమె ఎన్నిసార్లు తొక్కిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ పెట్టెలో నుంచి నేను తీసిన ఒక్కో సామాను చూసి పేరు చెప్తోంది. చెవిపోగు మాదిరి ప్లగ్గు ఒకటి వెలుతురులో పెట్టి చూసి, “తీగ తెగిపోయినాది, ఇది పారెయ్. ఆ రెండోది మంచిది,” అంది.

కొన్ని పేజీలు ఆయిలుకి అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అవి కూడా ఆమెకి తెలుసు. నేను కొత్త నోటుబుక్కు తెప్పించాను. ఆమె చెప్పడం, నేను రాయడం. లైట్లు వేసేదాకా అట్లే కూర్చున్నాం. పాతినుప సామాన్ల వాడు వాకిట్లోకి వచ్చి కేక వేస్తే మా చిన్నమ్మ రేపు రమ్మని పంపేసింది.

ఒక నంబరు దగ్గర నేను పది అంకెలూ కలిపి గబగబా రాసేశాను. అత్త పుస్తకంలోకి వంగి చూసి తల అడ్డంగా ఊపింది.

“అట్ల కాదు నాయనా. 616 అని రాసి రవంత జాగా వదులు. ఆయన ఆడ ఆగేవాడు.”